గోడ వెనక అడుగున్నర

సముద్రం మీద మత్తుమందు దొంగల్ని పట్టుకునే ఉద్యోగం అనగానే జనం కుర్చీలు దగ్గరికి జరుపుకుంటారు. ఓడలు ఓడల్ని తరుముతాయనీ, తుపాకులు పేలతాయనీ వాళ్ల ఆశ. టేపు బాబాయిని అడిగితే ఆ ఆశ మీద నీళ్లు చల్లేస్తాడు. ఈ పనిలో నూటికి తొంభై పాళ్లు ఎదురుచూడటమే అంటాడు. తర్వాత తొమ్మిది పాళ్లు పొట్ట మీద పాకుతూ కుళ్లు కంపులో చేతులు పెట్టి తడమడం. ఆ మిగిలిన ఒక్క పాలూ ఏమిటయ్యా అంటే, కాగితాలు నింపడం. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయన చేతికి తుపాకీ ఒక్కసారీ రాలేదు. వచ్చిందల్లా మోకాళ్ల నొప్పి, అది మాత్రం రెండు కాళ్లకూ సమానంగా వచ్చింది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయన జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. గస్తీ ఓడ మీద వంటవాడి దగ్గర్నుంచి కెప్టెన్ దాకా అందరికీ ఆయన టేపు బాబాయే. ప్యాంటు జేబులో కొలతల టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. పెళ్లికి వెళ్లినా అది జేబులోనే ఉంటుంది. "ఏదో ఒక రోజు నన్ను కూడా బయటా లోపలా కొలిచి, ఎక్కడో తేడా వస్తోందే అంటారు ఈయన" అని భార్య నలుగురిలో ఆటపట్టిస్తుంది. ఆయన నవ్వడు. నవ్వితే ఇంకో రెండు అంటుందని ఆయన భయం.

ఉద్యోగంలో చేరకముందు ఆయన బోట్లు కట్టే వడ్రంగి. పన్నెండేళ్లు ఆ పని చేశాడు. చెక్క బోటు ఎముకా కండా తెలిసిన మనిషి కావాలని మత్తుమందుల నిఘా శాఖవాళ్లే వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయారు. ఆయన పద్ధతిలో మాయా మర్మం ఏమీ లేదు. సరుకు దాచాలంటే చోటు కావాలి. చోటు ఆకాశం నుంచి ఊడిపడదు, బోటులోనే ఏ గదిలోంచో కొంత మింగాలి. అందుకని ఆయన ముందు డెక్కు మీద ఈ చివర నుంచి ఆ చివరకు కొలుస్తాడు. తర్వాత కిందికి దిగి ఒక్కో గదీ లోపల కొలుస్తాడు. రెండూ కలవాలి. కలవకపోతే ఏదో గోడ అబద్ధం చెబుతున్నట్టే. అప్పుడు జేబులోంచి సుద్దముక్క తీసి ఆ గోడ మీద గీత గీస్తాడు. గీత పడిందంటే కరెంటు రంపం దిగినట్టే. కెప్టెన్లు మారారు, రంపాలు మారాయి, గీత మాత్రం ఎప్పుడూ ఆయనదే.

ఆ గీత ఎన్నడూ వృథా పోలేదు. సరుకు ఉండి కూడా దొరకని బోట్లు ఉన్నాయి, లేవని ఆయన బుకాయించడు. దొంగ మనకన్నా తెలివైనవాడైతే తప్పించుకుంటాడు, అది వేరే సంగతి. కానీ ఏ పాపం ఎరగని వాడి బోటును మాత్రం ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ కోయించలేదు. పతకాలూ ప్రమోషన్లూ పక్కవాళ్లకు పోతుంటే ఆయన పట్టించుకోకపోవడానికి కారణం అదే. రిటైరయ్యే రోజు తలెత్తుకుని మెట్లు దిగాలి, ఆయన కోరుకున్నది అంతకన్నా ఏమీ లేదు. ఆ రోజుకు ఇంకా నాలుగు నెలలుంది.

ఇంత చాకిరీ ఎందుకంటారా? బాబాయి కాపురముండే భవనంలో కింది వాటాలో టైపిస్టు ఒకావిడ ఉంటుంది. ఆవిడ కొడుకు చదువులో చురుకైన పిల్లాడు. రెండేళ్లలో ఆ తెల్లపొడి వాణ్ని పీల్చి పిప్పి చేసింది. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని గోళ్లతో గోడ సున్నం గీకుతుంటాడు, కన్నతల్లి పిలిచినా ఎవరని చూస్తాడు. బాబాయి రోజూ వాణ్ని దాటుకునే పైకి వెళ్లాలి. అందుకని ఆయనకు ఈ పని మీద విసుగుంది గానీ అనుమానం ఎప్పుడూ లేదు.

ఇక ఆ రోజు సంగతి. ఆకుపచ్చ చేపల బోటు, అంచున తెల్ల గీత, సరుకు చేపలు నిల్వచేసే ఐస్ గది వైపు ఉంటుంది అని కబురు వచ్చింది. ఆకుపచ్చ బోట్లు ఆ నీళ్లలో కోకొల్లలు. నాలుగు రోజులు ఓడ అక్కడక్కడే తిరిగింది. నాలుగు రోజులూ అదే చప్పుడు, అదే కుదుపు, అదే నీళ్ల టీ. ఐదో రోజు ఉదయం ఎనిమిదింటికి, కళ్లు కాయలు కాసిన తర్వాత, తెల్ల గీతతో ఆకుపచ్చ బోటు ఒకటి కనబడింది. తరిమిందీ లేదు, పారిపోయిందీ లేదు. మైకులో ఆగమన్నారు, ఆగింది. రబ్బరు పడవలో వెళ్లి కెప్టెన్‌తో కలిపి ఆరుగురు ఎక్కారు. ఆరోవాడు బాబాయి. ఎక్కడానికి ఇద్దరు చంకల కింద చేతులు పెట్టి లాగాల్సి వచ్చింది.

బోటు నడిపే పెద్దను సరంగు అంటారు. ఆ సరంగు నలభై దాటినవాడు, పల్చటి మనిషి, తక్కువ మాటలవాడు. కాగితాలు అడిగితే ఇచ్చాడు, పక్కన నిలబడమంటే నిలబడ్డాడు. బాబాయి డెక్కు మీద కొలిచాడు, ఐస్ గదిలోకి దిగి కొలిచాడు, ఇంజను గదిలోకి దూరి కొలిచాడు. రెండు గదుల మధ్య గోడ మందం నాలుగంగుళాలు మించకూడదు. అడుగున్నర తేలింది. మళ్లీ కొలిచాడు. మళ్లీ అడుగున్నరే.

"ఈ గోడ ఇంత మందం ఎందుకయ్యా?" అని అడిగాడు.

"ఐస్ ఎక్కువ రోజులు ఆగాలని థర్మోకోల్ మందంగా వేయించాను సార్" అన్నాడు సరంగు.

"అడుగున్నరా?"

"ఇంజను వేడి తగలకూడదని సార్."

జవాబు బాగానే ఉంది. కానీ ఇలాంటి బాగున్న జవాబులు బాబాయి చాలా విన్నాడు. కెప్టెన్ ఆయన వైపు చూశాడు. ఆ కెప్టెన్ కుర్రాడేమీ కాదు, చెడ్డవాడూ కాదు, కాకపోతే పై నుంచి గంటకోసారి ఫోను వస్తుంటే పాపం తల వాచిపోయి ఉన్నాడు. "ఏమంటావ్ బాబాయ్?" అన్నాడు. బాబాయి సుద్దముక్క తీసి గోడ మధ్యలో గీత గీశాడు.

చేపలన్నీ ఎండలోకి తోడిపోశారు. ఐస్ పారలతో ఎత్తి డెక్కు మీద కుప్ప పోశారు. రంపం దిగింది. పలక ఊడి వచ్చింది. లోపల తెల్లగా థర్మోకోల్. ఇంకా లోపలికి కోశారు, అదీ థర్మోకోలే. బాబాయి ఆ కంతలో భుజం దాకా చేయి పెట్టి తడిమాడు. పైన, కుడి, ఎడమ అంతా థర్మోకోల్. కింద గట్టి చెక్క తగిలింది. అక్కడ అడ్డదూలం ఉంటుంది, ఆయన తన చేత్తో కట్టిన ప్రతి బోటులోనూ ఉంది. చేయి వెనక్కి తీసుకున్నాడు. సరంగు డెక్కు మీద కూలబడి రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

తనిఖీ అయ్యాక బోటును వదిలేసే ముందు సరంగు చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. తనిఖీ వల్ల నా బోటుకు ఏ నష్టమూ జరగలేదు అని దాని మీద ముందే అచ్చు వేసి ఉంటుంది. సరుకు దొరికితే దాని అవసరమే ఉండదు, దొరకకపోతే బోటును కొయ్యడమే ఉండదు, అందుకని ఆ కాగితంలో అబద్ధం ఏముందో అంతవరకూ ఎవరూ ఆలోచించలేదు. సరంగు సంతకం పెట్టేశాడు. కళ్లెదురుగా గోడకు మూరెడు కంత, ఎండలో కరిగిపోతున్న ఐస్, ఏ నష్టమూ జరగలేదు. బాబాయికి ఆ కాగితం వైపు చూడటానికి ముఖం చెల్లలేదు.

తర్వాత పదిహేను రోజులూ ఆయన మనిషి మనిషిలా లేడు. అన్నం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తిని లేస్తాడు. ఇంట్లో వంటగది గోడను బయటి నుంచీ లోపలి నుంచీ కొలుస్తుంటే భార్య చూసింది.

"మన గోడలో ఏమీ లేదు లెండి, నేను హామీ" అంది.

"కొలత తప్పు చేశానేమో అని చూస్తున్నా."

"కొలత తప్పయితే ఏం చేస్తారు?"

"అది కాదే. కొలత సరిగ్గానే ఉంది. నేనే తొందరపడ్డాను. ఒకసారి ఇంజను గది వైపు నుంచి గోడ తట్టి చూసి ఉంటే సరిపోయేది. ఒళ్లు అలసిపోయింది, మళ్లీ ఆ గదిలోకి దూరలేక గీసేశాను."

ఆమె ఆయన పక్కన కూర్చుంది. వెక్కిరింత ఏమీ చేయలేదు. "కెప్టెన్ ఏమన్నాడు?" అని అడిగింది.

"సంతకం ఉంది కదా బాబాయ్, మర్చిపో అన్నాడు."

"మరి మర్చిపోండి."

"పోతే బాగుణ్ణు" అన్నాడు ఆయన.

పదహారో రోజు పొద్దున సరంగు భార్య శాఖ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చింది. తడిసి పసుపుపచ్చగా మారిన థర్మోకోల్ ముక్క చంకలో పెట్టుకుని వచ్చింది. కాపలావాడు ఆపాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు, గేటు పక్కన నిలబడింది. సాయంత్రం దాకా నిలబడి వెళ్లిపోయింది. మర్నాడూ వచ్చింది. మూడో రోజూ వచ్చింది. కెప్టెన్ వెనక గుమ్మం నుంచి రాకపోకలు పెట్టుకున్నాడు. లోపలివాళ్లు కిటికీలోంచి చూసి నవ్వుకోవడం మొదలుపెట్టారు. బాబాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి గేటు దగ్గరికి నడిచాడు.

"ఎవరి కోసమమ్మా?" అన్నాడు.

"మా బోటు గోడ కోసిన ఆయన కోసం."

"నేనే."

ఆమె ఆయన్ని పైనుంచి కింద దాకా చూసింది. ఎవరో మీసాల మొనగాడు వస్తాడనుకుందేమో, ఈ నెరిసిన తలా వంగిన మోకాళ్లూ చూసి కాస్త తగ్గింది.

"అన్నా, నేను తగువుకు రాలేదు" అంది. "మా ఆయన మంచివాడు. పదహారేళ్ల కాపురంలో ఒకరి సొమ్ము ముట్టింది నేను చూడలేదు. మీరు అనుమానించారు, సరే, మీ పని అది. ఏమీ లేదని తేలింది కదా. తేలాక ఆ కంత అలా వదిలేసి పోతే ఎలా? లోపలంతా నీరు పట్టింది. ఐస్ ఒక్క రోజు ఆగట్లేదు. బోటు ఒడ్డున పడుంది. ఆయన చూస్తే నోరు మెదపడు, ఎవరినీ అడగడు. మీలాంటి పెద్దవాళ్లు ఇలా చేయొచ్చా?"

ఇన్ని రోజుల్లో ఆయన్ని ఎవరూ తిట్టలేదు. ఆమె కూడా తిట్టలేదు, కానీ ఆ మాటలు సూటిగా వెళ్లి తగలాల్సిన చోట తగిలాయి. విచిత్రంగా ఆయనకు కొంచెం తేలికైంది. "నేను వడ్రంగిని చెల్లెమ్మా. ఆ గోడ నేనే కడతాను" అన్నాడు.

ఆదివారం నాడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని చేపల రేవుకు వెళ్లాడు. సరంగు ఆయన్ని చూడగానే తెల్లబోయాడు. బాబాయి తప్పు ఒప్పుకున్నాడు, గోడ కట్టి పెడతానన్నాడు. సరంగు వద్దన్నాడు. "మీకెందుకు సార్ శ్రమ. పైన ఓ పలక కొట్టుకుంటే సరిపోతుంది. మేమే చూసుకుంటాం" అన్నాడు. తడిసిన థర్మోకోల్ తీయకుండా పలక కొడితే లోపల కుళ్లిపోతుందయ్యా, ఆర్నెల్లలో బోటంతా కంపు కొడుతుంది అని బాబాయి నచ్చజెప్పబోయాడు. సరంగు వినలేదు, బోటుకూ ఆయనకూ మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడు కాబోలు, ఉండదా మరి, అనుకుని బాబాయి సంచీ మోసుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత వారమూ వెళ్లాడు. మళ్లీ అదే వరస. ఇంత చేసినవాణ్ని ఒక్క మాట కూడా అనడు, అలాగని పని చేయనివ్వడు. పౌరుషం గల మనిషి అని బాబాయి ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంకో రెండు వారాలకు ఫోను వచ్చింది.

"అన్నా, నేను. మా ఆయన వేరేవాళ్ల బోటు మీద పనికి వెళ్లాడు. నాలుగు రోజుల దాకా రాడు. ఈ లోపల మీరొచ్చి కట్టేయండి. వచ్చేసరికి గోడ తయారై ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు, పడగొడతాడా?"

"ఆయన వద్దన్నాడు కదమ్మా."

"ఆయన అన్నింటికీ వద్దంటాడు. నన్ను చేసుకోమన్నప్పుడూ ముందు వద్దనే అన్నాడట. మీరు రండి."

బాబాయి రెండు రోజులు సెలవు పెట్టాడు. పలకలు, కొత్త థర్మోకోల్, మేకులు, ఫైబర్ పూత అన్నీ ఆటోలో వేసుకుని వెళ్లాడు. రేవులో బోటు పక్కకు ఒరిగి ఉంది, ఐస్ గది మూతకు తాడు కట్టి ఉంది. ఆమె చీర చెంగు నడుముకు దోపుకుని తయారుగా ఉంది. ఆమే తాడు విప్పింది, ఆమే ముందు దిగి ఆయన చేయి పట్టుకుని దింపింది.

ఆ ఉదయం గురించి ఒక మాట చెప్పాలి. చాలా రోజుల తర్వాత ఆయనకు పని మీద ప్రాణం లేచొచ్చింది. ఇరవై ఆరేళ్లుగా బోట్లను విప్పడమే గానీ కట్టింది లేదు. ఉలి చేతిలో పడగానే చేతులకు పాత సంగతులన్నీ జ్ఞాపకం వచ్చాయి. ఆమె పైనుంచి పలకలు అందిస్తోంది, ఊడిన మేకులు డబ్బాలో ఏరుతోంది, మధ్యలో కబుర్లు చెబుతోంది. మొగుడు ఎంత నెమ్మదస్తుడో, కూతురి బడికి ఎప్పుడైనా వెళితే మాస్టారి ముందు ఎలా నీళ్లు నములుతాడో చెప్పి నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. తన భార్య వేసే జోకులు రెండు చెప్పాడు.

"మీ ఆయనకు నా మీద ఇంకా కోపమేనా?" అని మధ్యలో అడిగాడు.

"కోపం ఉన్నట్టే లేదన్నా. అదే నాకూ అర్థం కాదు. పోనీలే, దొరకలేదు కదా, వదిలేసి పోయారు కదా అంటాడు. ఆయన బదులు కూడా నేనే మండిపడుతున్నాను."

బాబాయి తలూపి పనిలో పడ్డాడు. ముందు పాత థర్మోకోల్ తీయాలి. తడిసింది ఒక్క ముక్క మిగిలినా లాభం లేదు, అది కొత్తదాన్ని కూడా పాడు చేస్తుంది. వేరే వడ్రంగి అయితే కంత చుట్టూ జానెడు తీసి మూసేసేవాడు. ఈయన పై నుంచి వరసగా గీకి తీస్తూ కంత దాకా వచ్చాడు, కంత దాటి కిందికి దిగాడు. అక్కడ ఆ రోజు చేతికి తగిలిన చెక్క కనబడింది. అడ్డదూలం తడిసిందేమో చూద్దామని సుత్తితో తట్టాడు.

దూలాన్ని తడితే బండ చప్పుడు వస్తుంది. ఇది డబ్బాలా పలికింది.

ఉలి సందులో పెట్టి ఎత్తాడు. పలక మూతలా లేచి వచ్చింది. లోపల గోడ పొడవునా ఒక పెట్టె. నున్నటి ప్లైవుడ్, మూలమూలలా ఫైబర్ పూత, చుక్క నీరు దిగకుండా పనితనంగా చేసిన పెట్టె. ఖాళీగా ఉంది. ఒక మూల మాత్రం గోధుమరంగు టేపు ముక్క అంటుకుని ఉంది. ఆ రంగు టేపుతో చుట్టిన పొట్లాలు బాబాయి వందలు చూశాడు. ఆ రోజు సరుకు అందులోనే ఉంది. ఆయన చేతికీ దానికీ మధ్య ఆ పలక ఒక్కటే అడ్డం. బోట్లు కట్టినవాడు కాబట్టే దూలం అనుకుని చేయి తీసేశాడు. బోటంటే తెలియని వాడెవడైనా అయితే ఇంకో దెబ్బ కొట్టి ఉండేవాడు.

ముందు ఆయనకు కలిగింది సంతోషం. దాన్ని దాచి లాభం లేదు. నలభై రోజులుగా గుండెల మీద ఉన్న బండ ఒక్కసారిగా దిగిపోయింది. నేను తప్పు చేయలేదు, నా గీత వృథా పోలేదు అని లోపల ఎవరో గెంతుతున్నారు. మోకాళ్ల నొప్పి కూడా మర్చిపోయాడు. అదే ఊపులో తలెత్తి పైకి చూశాడు. గది మూత దగ్గర ఆమె పలక పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైందన్నా, ఆగిపోయారు?"

ఆమె పలక పక్కన పెట్టి కిందికి దిగింది. పెట్టెను చూసింది. వంగి చేయి పెట్టి లోపలి గోడలు తడిమింది.

"ఇది ఐస్ కరిగిన నీళ్లు దిగడానికా?" అని అడిగింది.

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. ఆయనకు ఆ ఆలోచన రాలేదని కాదు.

"కాదమ్మా" అన్నాడు.

ఆమె పెట్టెలోంచి చేయి తీసుకుంది. తర్వాత తనలో తను అనుకున్నట్టు నెమ్మదిగా మాట్లాడింది. "పోయినేడు మూడుసార్లు ఐస్ వేసుకోకుండానే వేటకని వెళ్లాడు. ఐస్ మిషన్ చెడిందన్నాడు. నేను మిషన్ వాడి దగ్గరికి వెళ్లి గొడవ పెట్టుకొచ్చాను, మా ఆయనకు ఐస్ ఎందుకివ్వలేదని. వాడు నా మొహం చూసి ఊరుకున్నాడు."

బాబాయి తల దించుకున్నాడు.

"అయితే ఆ రోజు మీరు కోసింది సరిగ్గానే కోశారన్నమాట" అంది.

నలభై రోజులుగా ఆ ఒక్క మాట ఎవరైనా అంటారేమోనని ఆయన మొహం వాచిపోయి ఉన్నాడు. కెప్టెన్ అనలేదు, భార్య అనలేకపోయింది. చివరికి ఈవిడ నోట విన్నాడు. వినకపోయినా బాగుండేది. ఇప్పుడు లోపల గెంతేవాళ్లు ఎవరూ లేరు.

"మీ గేటు ముందు మూడు రోజులు నిలబడ్డాను" అంది ఆమె. "మంచివాడు, మంచివాడు అని ఎంతమందికి చెప్పానో."

"చెల్లెమ్మా, నేను దీన్ని మూసేసి వెళ్లలేను."

"మూయమని అడగలేదు కదన్నా. ఫోను చేయండి. నేను పక్కకు వెళ్లను, నా ముందే చేయండి."

ఇంజన్ల మోతకు బాబాయి చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి, ఫోను స్పీకరు మీద పెడితే తప్ప ఆయనకు వినబడదు. కెప్టెన్ గొంతు ఆ గదంతా మోగింది. సంగతంతా విని ఆనందం పట్టలేకపోయాడు. "శభాష్ బాబాయ్. నీ గీత గీతే. నాకు ముందే తెలుసు. నాలుగు రోజుల్లో వాడు రేవులోకి రాగానే పట్టేస్తాం. అవునూ, బోటు లోపలికి నిన్నెవరు పిలిచారు? రిపోర్టులో రాయాలి."

బాబాయి ఆమె వైపు చూశాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన రిపోర్టులో అబద్ధం రాయించలేదు.

"ఎవరూ పిలవలేదు సార్. తాడు నేనే విప్పి దిగాను. ఇంట్లోవాళ్లకు తెలియదు" అన్నాడు.

కెప్టెన్ అలాగే రాస్తానని, మనుషుల్ని పంపుతున్నానని చెప్పి పెట్టేశాడు. ఆమె డబ్బాలో ఏరిన మేకుల్ని చూస్తూ కూర్చుంది. తర్వాత చేతులు చెంగుకు తుడుచుకుంది.

"అలా ఎందుకు చెప్పారన్నా?"

"మీ ఆయనకు తెలిస్తే నీకు కష్టం కదమ్మా. నువ్వు పిలిచావని తెలియనక్కర్లేదు."

"తెలియాలి" అంది ఆమె. "పదహారేళ్లు కాపురం చేసి ఆయన నా దగ్గర దాచాడు. నేను దాచను. ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు ఎదురుగా నిలబడి చెప్తాను, నేనే పిలిచాను, నీ మీద నమ్మకంతోనే పిలిచాను అని."

శాఖవాళ్లు రావడానికి గంట పట్టింది. అంతసేపూ ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు. ఆయనకు పైకెక్కడానికి ఎవరైనా చేయి అందించాలి, ఆమెను అడగడానికి ఆయనకు నోరు రాలేదు.